కాటేదాన్ కడుగు నీళ్లలో హైడ్రోజన్: అడ్వాన్స్ ఇచ్చే ముందు

ప్రశ్న: మాది కాటేదాన్‌లో చిన్న చాక్లెట్ల కారఖానా. పిప్పరమెంట్లు, జెల్లీలు, కొబ్బరి చాక్లెట్లు చేస్తాం. పాకం గిన్నెలు, అచ్చులు, నేల కడిగిన నీళ్లు రోజుకు ఐదు వేల లీటర్ల దాకా వస్తాయి. తీపి నీళ్లు కదా, పొద్దున పట్టినవి సాయంత్రానికే పులిసి వాసన కొడతాయి. ట్యాంకర్లు పెట్టి పంపించడం భారమైపోయింది. ఈమధ్య ఒకతను వచ్చి, డాబా మీద తొట్టి కట్టి అందులో ఈ నీళ్లు పోసి నానో పొడి కలిపితే ఎండకు హైడ్రోజన్ పుడుతుంది, పాకం బట్టీ దాంతోనే నడుపుకోవచ్చు, నీళ్లూ శుభ్రమవుతాయి అన్నాడు. ఫోన్‌లో వీడియో చూపించాడు. తొట్టి నిండా బుడగలు. మొత్తం 9 లక్షలు, ముందు 3 లక్షలు ఇవ్వాలట. పొడి మాత్రం నెలనెలా అతని దగ్గరే కొనాలి. మా అక్క కొడుకు ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పూర్తి చేశాడు. వాడు రెండు మూడు పరిశోధన పత్రాలు తెచ్చి చూపించి, ఇది నిజమే మామయ్యా, మనమే చేద్దాం అంటున్నాడు. మా ఇంటావిడ వద్దంటోంది. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, కాటేదాన్

సమాధానం: మీ మేనల్లుడు చెప్పిన సైన్సు నిజం. మీ ఇంటావిడ చెప్పిన సలహా సరైనది. ఆ 3 లక్షలు ఇవ్వకండి. ఎందుకో వివరంగా రాస్తాను. మీ నీళ్లకు ఇంతకంటే మంచి దారి ఉంది, అదీ చెబుతాను. మీ మేనల్లుడి ఉత్సాహం చల్లారిపోవడం నాకిష్టం లేదు కాబట్టి చివర్లో అతనికీ నాలుగు మాటలు.

ముందు సైన్సు సంగతి. 1972లో జపాన్‌కు చెందిన ఫుజిషిమా, హోండా అనే శాస్త్రవేత్తలు టైటానియం డయాక్సైడ్ మీద వెలుగు పడేలా చేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టవచ్చని ప్రపంచానికి చూపించారు. టైటానియం డయాక్సైడ్ అంటే మన గోడల పెయింట్‌కు తెల్లదనం ఇచ్చే పొడే. ఆ రేణువు మీద తగినంత శక్తి ఉన్న వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్ ఒకటి తన చోటు వదిలి పైకి లేస్తుంది. అది లేచిన చోట ఖాళీ మిగులుతుంది. పంక్తి భోజనాల్లో ఒకరు లేస్తే ఆ విస్తరి ముందు ఇంకొకరు వచ్చి కూర్చుంటారు చూడండి, అలాంటి ఖాళీ అది. లేచినవాడే మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటే ఏ పనీ జరగదు, వెలుగు వేడిగా మారి పోతుంది. నూటికి తొంభై పాళ్లు జరిగేది ఇదే. అందుకే ఆ ఖాళీలో కూర్చోవడానికి వేరే ఎవరైనా సిద్ధంగా ఉండాలి. నీటిలో చక్కెరో, గ్లిజరినో, ఆల్కహాలో ఉంటే అవి నీటికంటే తేలిగ్గా తమ ఎలక్ట్రాన్లను ఇచ్చి ఆ ఖాళీని నింపుతాయి, ఆ క్రమంలో తామే విరిగిపోతాయి. లేచిన ఎలక్ట్రాన్ నీటిలోని హైడ్రోజన్ అయాన్‌ను చేరి వాయువుగా మారుస్తుంది. రేణువు మీద ప్లాటినం, రాగి, నికెల్ లాంటి లోహపు చుక్కలు అద్దేది ఎలక్ట్రాన్‌ను పట్టి నిలపడానికే. రేణువును నానో సైజుకు, అంటే 20, 25 నానోమీటర్లకు తగ్గించేది, గ్రాము పొడికే పదుల చదరపు మీటర్ల ఉపరితలం దక్కుతుందని.

కాబట్టి మురికి నీటిలోని తీపి పదార్థం విరిగిపోతూ హైడ్రోజన్‌ను ఇవ్వడం సాధ్యమే. కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో, మన తార్నాకలోని కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో గ్లిజరిన్ కలిసిన నీళ్లతో ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. మీ మేనల్లుడు తెచ్చిన పత్రాలు అబద్ధాలు కావు.

ఇక ఆ తొట్టి సంగతి. వీడియోలో ఉన్నది మూత లేని తొట్టేనా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. బుడగలు పైనుంచి కనిపించాయంటే తెరిచి ఉన్నదే అయి ఉంటుంది. అక్కడే అసలు చిక్కు. చాలా ఏళ్ల కిందట, నగరంలోని ఒక పరిశోధనశాల డాబా మీద నేను స్వయంగా చూసిన దృశ్యం చెబుతాను. క్వార్ట్జ్ గొట్టంలో గ్లిజరిన్ నీళ్లు, చెంచాలో పావు వంతు తెల్ల పొడి. నైట్రోజన్ పంపి గాలంతా తరిమేసి, రబ్బరు బిరడా బిగించి ఏప్రిల్ ఎండలో పెట్టాం. కాసేపటికి పాలలా ఉన్న ఆ నీళ్లు మెల్లగా నీలంగా తిరిగాయి. లేచిన ఎలక్ట్రాన్లకు పోయే చోటు లేక రేణువుల్లోనే పోగవుతుంటే వచ్చే రంగది. బిరడా తీసి ఒకసారి ఊపాను. కళ్ల ముందే నీలం పోయి మళ్లీ తెలుపు వచ్చేసింది. గాలిలోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లన్నింటినీ ఎగరేసుకుపోయింది. ఇంకో గొట్టంలో కాస్త ప్లాటినం అద్దిన పొడి వేసి, గాలి తగలకుండా ఉంచితే గాజు గోడకు చిన్న చిన్న బుడగలు అంటుకున్నాయి. సిరంజితో లాగి పరీక్షిస్తే హైడ్రోజన్. ఆ రోజు నేను మధ్యాహ్నం భోజనం మరిచిపోయాను.

అంటే గాలి తగిలే తొట్టిలో ఎలక్ట్రాన్ ఆక్సిజన్ పాలవుతుంది. నీళ్లు కొంత శుభ్రపడవచ్చు గానీ, చెప్పుకోదగ్గ హైడ్రోజన్ రాదు. మరి వీడియోలో బుడగలు ఎక్కడివి? మూడు దారులున్నాయి. మీరే రాశారు, సాయంత్రానికి నీళ్లు పులుస్తాయని. పులియడమంటే సూక్ష్మజీవులు చక్కెరను తినడం. వాటి బుడగలు ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. తొట్టి అడుగున గాలి ఆడని చోట కొన్ని రకాల బాక్టీరియా ఏ ఎండా ఏ నానో పొడీ అక్కర్లేకుండానే చక్కెర నుంచి హైడ్రోజన్ కూడా చేస్తాయి. ఐఐసీటీలో వ్యర్థజలాల నుంచి ఇలా బాక్టీరియాతో హైడ్రోజన్ తీసే పని ఏళ్ల తరబడి జరిగింది. రెండో దారి, ఎండకు నీళ్లు వేడెక్కి లోపల కరిగి ఉన్న గాలి బయటపడటం. మూడోది కాస్త చేదు మాట: పొడిలో అల్యూమినియం, కాస్టిక్ సోడా లాంటివి ఉంటే నీళ్లలో పడగానే హైడ్రోజన్ బుసబుసా పొంగుతుంది. అందులో ఎండ పాత్ర ఏమీ లేదు. ఆ పొడి ఖర్చయిపోతుంది, మళ్లీ కొనాలి. ఉత్ప్రేరకం అనేది తాను ఖర్చు కాకుండా పని చేయించే పదార్థం. కాలక్రమంలో దాని సత్తా తగ్గవచ్చు, నిజమే. అయినా నెలనెలా మూటలు కొనాల్సి వస్తే అది ఉత్ప్రేరకం కాదు, మీరు కొంటున్న ఇంధనమే.

తేల్చుకోవడానికి మీరు పరికరాలేవీ కొనక్కర్లేదు. అతని తొట్టిలాంటివే, కాకపోతే వెలుగు లోపలికి దిగే మూత బిగించినవి, మూడు చిన్న తొట్లు పక్కపక్కన పెట్టమనండి. ఒకదాంట్లో మీ నీళ్లు, పొడి, ఎండ. రెండోదాంట్లో మీ నీళ్లు, పొడి, పైన నల్ల తార్పాలిన్. మూడోదాంట్లో మీ నీళ్లు, ఎండ, పొడి మాత్రం వేయొద్దు. మూడింటి గ్యాసూ వేర్వేరు సంచుల్లో పట్టి, గ్యాస్ క్రొమటోగ్రఫీ, అంటే ఏ వాయువు ఎంతుందో విడదీసి చెప్పే పరికరం, ఉన్న ఏ ల్యాబ్‌లోనైనా పరీక్ష చేయించాలి. తార్పాలిన్ కింద కూడా అంతే గ్యాస్ వస్తే పని చేస్తున్నది సూర్యుడు కాదు. ఈ పరీక్షకు అతను ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఒకవేళ ఒప్పుకున్నాడు, మొదటి తొట్టిలో మాత్రమే హైడ్రోజన్ వచ్చింది అనుకుందాం. అప్పుడు ఎంత వస్తుందన్నది చూడాలి. మన హైదరాబాద్‌లో సగటున చదరపు మీటరుకు రోజుకు, కరెంటు లెక్కలో చెబితే, ఐదు యూనిట్ల ఎండ పడుతుంది. అందులో ఒక శాతం హైడ్రోజన్‌గా మారితే ఒక్క చదరపు మీటరు నుంచి రోజుకు గ్రామున్నర. మీ డాబా 120 గజాలు, అంటే 100 చదరపు మీటర్లు అనుకుంటే 150 గ్రాములు. కిలో హైడ్రోజన్‌లో 120 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది కాబట్టి మీకు దక్కేది రోజుకు 18 మెగాజౌళ్లు. మీ 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో ఉండేది 870 పైచిలుకు. ఒక్క సిలిండర్‌కు సరితూగడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది. ఒక శాతం అన్నది నేను ధారాళంగా ఇచ్చిన లెక్క. జపాన్‌లో సరిగ్గా 100 చదరపు మీటర్ల పలకలు పరిచి, మురుగు కాదు, శుభ్రమైన నీళ్లతో చేసిన పెద్ద ప్రయోగం ఫలితం 2021లో అచ్చయింది. అక్కడ గరిష్ఠంగా అందిన సామర్థ్యం 0.76 శాతం.

ఎందుకంత తక్కువ అంటే టైటానియం డయాక్సైడ్ లాంటి గట్టి పదార్థాలు అతినీలలోహిత కిరణాలనే వాడుకోగలవు. ఎండలో వాటి వాటా నాలుగైదు శాతమే. కళ్లకు కనిపించే వెలుగును వాడుకునేవీ ఉన్నాయి. కాడ్మియం సల్ఫైడ్ చక్కటి పసుపు పొడి, ఎండలో బాగా పని చేస్తుంది, కానీ వెలుగుకు తానే కరిగి కాడ్మియం అనే విష లోహాన్ని నీళ్లలోకి వదులుతుంది. తినే సరుకు చేసే మీ కారఖానా గడప దాటి అది లోపలికి రాకూడదు. ఆ మనిషిని పొడిలో ఏముందో రాసి ఇమ్మని అడిగారా? ఇంకా అడగకపోతే మొట్టమొదట అడగాల్సింది అదే.

మీ నీళ్ల సంగతి కూడా ఆలోచించండి. కొబ్బరి నూనె తెట్టు, తినే రంగులు, నేల కడిగిన సబ్బు, దుమ్ము. వెలుగు లోపలికి దిగదు. నూనె, సబ్బు పొడిని పట్టేసుకుంటాయి. నా అనుభవంలోదే ఇంకో ముక్క: గ్లిజరిన్ నీళ్లతో గెలిచిన ఊపులో, ఒక యూనిట్ నుంచి అసలైన కడుగు నీళ్లు క్యానులో తెచ్చి అదే గొట్టంలో పోశాను. సాయంత్రం దాకా కూర్చున్నా సిరంజిలోకి ఏమీ రాలేదు. వడకట్టి, నూనె తీసి, పదింతలు నీళ్లు కలిపి పలచన చేశాక గానీ బుడగ పుట్టలేదు. నానో పొడి మరో బాధ. అది అడుగున పేరుకోదు, గుడ్డలో వడకట్టినా ఆగదు. నీళ్లతో పాటు కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది. మీ పక్కనున్న నూర్ మహ్మద్ కుంటకు ఇప్పటికే ఉన్న బరువు చాలు.

భద్రత విషయంలో మీ ఇంటావిడ భయం ముమ్మాటికీ సబబే. వంట గ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 9.5 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వలో పిసరంత చాలు. పగటి వెలుగులో దాని మంట కంటికి కనపడదు. తేలికైనది కాబట్టి రేకుల షెడ్డు కింద పైకప్పు మూలల్లో పోగవుతుంది. మీ బట్టీ బర్నర్లు దానికి పనికిరావు, మంట వెనక్కి గొట్టంలోకి పాకుతుంది. ఒత్తిడి పెట్టి సిలిండర్లలో నింపాలంటే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో అనుమతి తప్పనిసరి. అతను మీకు అమ్మజూపిన 9 లక్షల్లో వీటిలో ఒక్కదానికైనా ఏర్పాటు ఉందా?

ఇప్పుడు మంచి దారి. తీపి నీళ్లు బాక్టీరియాకు విందు భోజనం. గాలి చొరబడని డైజెస్టర్‌లో, అంటే గోబర్ గ్యాస్ తొట్టిలాంటి దాంట్లో, పంపితే మండే వాయువు మీథేన్ వస్తుంది. కాలుష్యం వాళ్లు సీఓడీ అంటారే, నీటిలోని కుళ్లే పదార్థానికి కొలత, అది కిలో తగ్గితే 0.35 ఘనపు మీటర్ల మీథేన్ పుడుతుంది. ఇది పుస్తకాల్లోని స్థిరమైన లెక్క. మీ నీళ్లలో లీటరుకు 4,000 మిల్లీగ్రాముల సీఓడీ ఉందనుకుందాం, పరీక్ష చేయిస్తే అసలుది తేలుతుంది. రోజుకు 5,000 లీటర్లంటే 20 కిలోలు. అందులో 16 కిలోలు విరిగినా ఐదున్నర ఘనపు మీటర్ల మీథేన్, దగ్గర దగ్గర 200 మెగాజౌళ్లు. నష్టాలు పోగా ఐదారు రోజులకొక కమర్షియల్ సిలిండర్ మిగులుతుంది. అదే డాబా మీద ఎండ హైడ్రోజన్‌తో ఏడు వారాలకొకటి. రాత్రీ పగలూ, వానాకాలం కూడా పని చేసేది ఈ డైజెస్టరే. వీలు చూసుకుని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లి రండి. ఐఐసీటీ సాంకేతికతతో అక్కడ పెట్టిన ప్లాంటు రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తను మింగి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట గ్యాస్ ఇచ్చేలా కట్టినది. 2021 జనవరిలో ప్రధాని తన రేడియో ప్రసంగంలో దాన్ని ప్రస్తావించారు కూడా.

డైజెస్టర్ అంటే కట్టేసి వదిలేసేది కాదు, అదీ చెప్పాలి. చక్కెర నీళ్లు త్వరగా ఆమ్లంగా మారతాయి, అప్పుడు మీథేన్ చేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి గ్యాస్ ఒక్కసారిగా ఆగిపోతుంది. రోజూ పొద్దున పీహెచ్ కాగితం ముంచి చూసి, 7 కంటే బాగా దిగితే సున్నమో సోడానో కలపాలి. చక్కెరలో నత్రజని ఉండదు కాబట్టి కాస్త యూరియా అవసరం పడుతుంది. మొదట ఆవు పేడతో మొదలుపెట్టి నీళ్లు కొద్దికొద్దిగా పెంచుతూ పోవాలి, రెండు మూడు నెలల ఓపిక కావాలి. కొబ్బరి నూనెను ముందే తెట్టులా తీసేయాలి. డైజెస్టర్ దాటిన నీళ్లను కూడా గాలి కొట్టి శుద్ధి చేశాకే బయటికి వదలాలి. మీథేన్ కూడా మండే వాయువే, పైపులు, బర్నర్లు తెలిసినవాళ్లే పెట్టాలి. కాలుష్య నియంత్రణ మండలికి ముందే చెప్పి, మీ అనుమతి పత్రంలో ఈ మార్పు చేర్పించుకోండి.

మీ మేనల్లుడితో ఇప్పుడు.

నాయనా, మీ మామయ్యకు చూపించిన పత్రంలో గ్రాముకు గంటకు 20,000 మైక్రోమోల్స్ అని ఉండి ఉంటుంది, అలాంటి అంకెలే ఈ రంగంలో కనిపిస్తాయి. అంటే 40 మిల్లీగ్రాముల హైడ్రోజన్. దాన్ని కిలోకు పెంచి 40 గ్రాములు అని వేసుకుని ఉంటావు. ఆ 40 గ్రాముల్లో 4,800 కిలోజౌళ్ల శక్తి ఉంది. మిట్టమధ్యాహ్నం ఒక చదరపు మీటరు మీద గంటసేపు పడే మొత్తం ఎండే 3,600 కిలోజౌళ్లు. పొడి పెంచితే వెలుగు పెరగదు. ల్యాబ్‌లో ఐదు మిల్లీగ్రాముల పొడితో, జెనాన్ దీపం కింద, మిథనాలో సోడియం సల్ఫైడో కలిపి తీసిన అంకెను గ్రాముకు గుణించి రాస్తారు. అందుకే ఏ పత్రం చూసినా మొదట ఎండ నుంచి హైడ్రోజన్‌కు సామర్థ్యం ఎంత శాతం అని వెతుకు. అది రాయకపోతే ఎందుకు రాయలేదని ఆలోచించు. తర్వాత ఎన్ని గంటలు నడిపారో చూడు. నాలుగు గంటల ఫలితం వేరు, నాలుగు నెలలది వేరు.

అలా అని ఇది వదిలేయాల్సిన పని కాదు. 2023లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇండియం గాలియం నైట్రైడ్ నానో తీగలతో, వెలుగును కేంద్రీకరించి ల్యాబ్‌లో 9.2 శాతం, ఆరుబయట అసలైన ఎండలో 6.2 శాతం సాధించారు. వెలుగులోని పరారుణ వేడినే నీటిని కాచడానికి వాడుకుని, పుట్టిన వాయువులు మళ్లీ నీరైపోకుండా ఆపారు. ఎంత అందమైన ఆలోచనో చూడు. దేశంలోనూ గిరాకీ ఉంది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు అని అప్పుడు గురి పెట్టుకుంది. ఇందులో ముందువరుసలో ఉన్నది సోలార్ కరెంటుతో ఎలక్ట్రోలైజర్ నడిపే పద్ధతే. 100 చదరపు మీటర్లలో పట్టే పది కిలోవాట్ల పలకలు రోజుకు ఇచ్చే 40 యూనిట్లతో ఏడు వందల గ్రాముల హైడ్రోజన్ తీయవచ్చు. ఒట్టి హైడ్రోజన్ పోటీలో నానో పొడి దానితో నెగ్గడం కష్టం.

అది నెగ్గగలిగే చోటు వేరే ఉంది, నా మనసంతా అక్కడే. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం వైపు మందుల ఫ్యాక్టరీల నీళ్లను తలుచుకో. ఆ నీళ్లలో మిగిలే యాంటీబయోటిక్ అవశేషాలను బాక్టీరియా తినలేవు, వాటిని చంపడానికే పుట్టిన మందులవి. నక్కవాగు, మంజీర ఏళ్ల తరబడి మోసిన భారం అది. బాక్టీరియా చేతులెత్తేసిన చోట వెలుగు, ఉత్ప్రేరకం ఆ అణువులను విరగ్గొట్టగలవు. ఆ పని చేస్తూనే కాస్త హైడ్రోజన్ కూడా ఇస్తే శుద్ధి ఖర్చులో కొంత తిరిగి వస్తుంది. నిజమైన వ్యర్థజలంతో, పొడిని నీళ్లలో కలపకుండా గాజు పలకకో రేకుకో అతికించి, నెలల తరబడి నడిచేలా చేయడమే ఇంకా తేలని చిక్కుముడి. పరిశోధనకు ఫెలోషిప్ ఇప్పించే సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష రాయి. తార్నాక ఐఐసీటీ, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, కందిలో ఐఐటీ, బాలాపూర్ దగ్గర కొత్త పదార్థాల పరిశోధన కేంద్రం ఏఆర్‌సీఐ, అన్నీ నీకు బస్సు దూరంలోనే ఉన్నాయి. వెళ్లి అడిగేటప్పుడు నీ చేతిలో మీ మామయ్య కారఖానా నీళ్ల రిపోర్టు ఉంటే, చాలామంది విద్యార్థుల దగ్గర లేనిది నీ దగ్గర ఉన్నట్టు.

ఆ రిపోర్టుతోనే మీ ఇద్దరి పనీ మొదలవుతుంది. సోమవారం పొద్దున్నే ఆదివారం కడిగిన నీళ్లు పట్టొద్దు, అవి పలచగా ఉంటాయి. పని జోరుగా సాగే రోజు చూసుకుని, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా రెండు గంటలకోసారి ఒక లీటరు చొప్పున ఒకే బకెట్‌లో పోసి కలపండి. అందులోంచి రెండు లీటర్లు శుభ్రమైన క్యానులో పట్టి, ఐస్ పెట్టెలో పెట్టి అదే సాయంత్రం ల్యాబ్‌కు చేర్చండి. రాత్రంతా బయట ఉంచితే పులిసిపోయి అంకెలు మారిపోతాయి. సీఓడీ, పీహెచ్, నూనె, మొత్తం నత్రజని, భాస్వరం, సల్ఫేట్ చూడమనండి. కాగితం రాగానే నాకు పంపండి, డైజెస్టర్ ఎంత పెద్దది కావాలో కూర్చుని లెక్కేద్దాం.